నూట పద్దెనిమిదో జాయింటు

కువైట్‌లోని మంగఫ్‌లో సూరిబాబు ఉండే బిల్డింగులో సగంమంది అతన్ని డాక్టరనే అనుకునేవారు. "ఎక్స్‌రేలు చూస్తాడంట" అని ఎవరో అన్న ఒక్క మాట చాలింది. ఊళ్లో తీయించుకొచ్చిన ఛాతీ ఫిల్ములు పట్టుకుని, నివాస అనుమతికి చేసే ఇఖామా మెడికల్‌లో ఫిట్టా అన్‌ఫిట్టా ముందే చెప్పమని తలుపు తట్టేవారు. "ఆయ్, నేను చూసేది మనుషుల్ని కాదండి, ఇనప గొట్టాల్ని" అని అతను నవ్వి పంపేసేవాడు. రాయచోటి నుంచి వచ్చిన చిన్నపుల్లయ్య మాత్రం వదల్లేదు. "గొట్టమైతే ఏంది, ఎదురొమ్మైతే ఏంది, చూడు సామీ" అని గుమ్మంలోనే కూచున్నాడు. ఇక తప్పక ఫిల్మును కిటికీకి ఎత్తిపట్టి చూసి, "వెల్డింగు బాగానే ఉంది, వెళ్లిరండి" అన్నాడు సూరిబాబు.

అసలు పని ఇది. చమురు, గ్యాసు పోయే గొట్టాలను అతికించిన ప్రతిచోటా ఫిల్ము తీస్తారు. దాన్ని దీపంపెట్టె మీద పెట్టి, అతుకు లోపల పగులుందా, బుడగ ఉందా అని సూరిబాబు చూడాలి. ఉంటే కోసేసి మళ్లీ అతుకుతారు. లేకపోతే 'లోపం లేదు' అని రాసి సంతకం పెడతాడు. ఇరవై మూడేళ్లుగా కువైట్‌లో ఇదే బతుకు. వందలో తొంభై ఫిల్ముల్లో ఏమీ ఉండదు. ఏమీ లేదని రాయడానికి మనిషిని పెట్టుకుంటారా అని అమలాపురంలో బావమరుదులు ఎకసెక్కాలాడితే, సూరిబాబు ఇంకో ముద్ద కలుపుకునేవాడు.

ఆ పోలిక కూతురికే వచ్చింది. దేవిక పన్నెండో తరగతి దాకా ఇక్కడే చదివి, ఇండియాలో పీహెచ్‌డీలో చేరింది. థీసిస్ రాసుకోవడానికి రెండు నెలల కోసం అమ్మానాన్నల దగ్గరికి వచ్చింది. ఆమె వెతికేది క్వార్కుల్ని. పదార్థాన్ని విడగొట్టుకుంటూ పోతే చివర మిగిలే రేణువుల్లో అవి ఒక జాతి. మనిషికి తెలిసినవి ఆరు. వాటిలో అన్నిటికంటే బరువైనది ఒక్కటే దాదాపు బంగారు పరమాణువంత తూగుతుంది. దాన్ని మించిన బరువైనది ఇంకోటి ఉందేమోనని దేశదేశాలవాళ్లు కలిసి వెతుకుతున్నారు. జెనీవా దగ్గర భూమిలో ఇరవై ఏడు కిలోమీటర్ల సొరంగం తవ్వి, అందులో ప్రోటాన్లను ఎదురెదురుగా ఢీకొట్టిస్తారు. బరువైన క్వార్కు పుట్టినా రెప్పపాటు కూడా నిలవదు. దాని తునకలు మాత్రం పట్టుబడతాయి. కోట్లకొద్దీ తునకల్లో దాని జాడ ఉందా అని ఎక్కడో దూరాన కూర్చుని కంప్యూటర్లో చూసేవాళ్లలో దేవిక ఒకతె.

"ఉన్న సామాను వెతుక్కోడానికే నాకు పొద్దు చాలట్లేదు. లేనిదాన్ని వెతకడానికి నీకు అయిదేళ్లా?" అనేది తల్లి గంగారత్నం.

ఇదివరకైతే ఆ మాటకు దేవిక నవ్వేది. ఈసారి నవ్వలేదు. లాప్‌టాప్ ముందు కూచుంటుంది, ఒక్క అక్షరం కొట్టదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, సూరిబాబు పక్కన చేరాడు.

"ఏమ్మలూ, అలా ఉన్నావేంటి?"

"మానేద్దామనుకుంటున్నా నాన్నా. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చూసుకుంటా."

విషయం మెల్లగా బయటికొచ్చింది. రెండేళ్ల కిందట ఆమె గ్రాఫులో ఒకచోట, ఉండాల్సినదానికంటే కాస్త ఎక్కువ తునకలు పోగుపడి చిన్న గుట్ట లేచిందట. కొత్త క్వార్కేనేమోనని ఆ వారమంతా తిండి సహించలేదు. ఇంకో ఏడాది డేటా కలిపేసరికి గుట్ట చదునైపోయింది.

"ఇప్పుడు నేను రాయాల్సింది ఒకటే. ప్రోటాన్‌కి పదిహేను వందల రెట్ల బరువు దాకా వెతికాం, దొరకలేదు అని. దొరకలేదు అనడానికి డాక్టరేటెందుకు నాన్నా?"

సూరిబాబుకు రోషమొచ్చింది. కూతురి మీద కాదు, ఆ మాట మీద. తన ఇరవై మూడేళ్లనూ ఎవరో తీసి చెత్తబుట్టలో వేసినట్టనిపించింది.

"దొరకలేదని ఎవడైనా అంటాడమ్మా. కళ్లు మూసుకున్నోడూ అంటాడు. నేనెలా అంటానో తెలుసా? ఫిల్ము తీసేటప్పుడు అతుకు పక్కన సన్నటి తీగల్ని వరసగా పెడతారు. వెంట్రుకంత దగ్గర్నించి మొదలవుతాయి. ఫలానా తీగ ఫిల్ములో కనపడాలని రూలు. అది కనపడితే, అంత సన్నటి పగులున్నా నా కంటికి దొరికేదే అన్నట్టు. తీగే కనపడలేదనుకో, అది గుడ్డి ఫిల్ము. దాన్ని చూసి లోపం లేదంటే అబద్ధమే."

దేవిక నిటారుగా కూచుంది.

"మేమూ అంతే నాన్నా! కంప్యూటర్లో దొంగ క్వార్కుల్ని తయారుచేసి డేటాలో కలుపుతాం. మా జల్లెడ వాటిని పట్టుకుంటుందో లేదో చూస్తాం. పట్టుకున్న బరువు దాకానే లేదని చెప్పే హక్కు మాకుంటుంది."

"మరింకేం! నీకూ తీగుందన్నమాట."

చాన్నాళ్లకు ఆ పిల్ల ముఖం విచ్చుకుంది. ఆ ఊపులో, ఏ దురుద్దేశమూ లేకుండా అడిగింది: "నీ ఫిల్ముల్లో ప్రతిసారీ తీగ కనపడుతుందా నాన్నా?"

సూరిబాబు మంచినీళ్లు తాగే నెపంతో లేచి వంటింట్లోకి వెళ్లాడు.

మూడు వారాల కిందట, దుమ్ముతుఫాను దెబ్బకు పనంతా వెనకబడినప్పుడు, నూట పద్దెనిమిదో జాయింటు ఫిల్ము మసగ్గా వచ్చింది. తీగ కనపడలేదు. మళ్లీ తీయమంటే ఇంకో రోజు పోతుంది. గొట్టానికి పైపూత వేసేవాళ్లు కాచుకుని ఉన్నారు. ఇంజనీరు గుమ్మంలో నిలబడి యల్లా యల్లా అని తరుముతున్నాడు. ఇన్నేళ్ల అనుభవం, అతుకు బాగానే ఉంటుందిలే అని మనసుకు సర్దిచెప్పుకుని సంతకం గీకేశాడు. పది రోజుల్లో ఆ లైనులోకి గ్యాసు వదులుతారు. దాని పక్కనే కూలీలు అన్నం తినే షెడ్డు ఉంది.

చెప్తే ఉద్యోగం పోవచ్చు. యాభై ఏడేళ్లవాడికి వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే ఇంకో కఫీల్ ఎవడు దొరుకుతాడు? చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ రెండు రోజులూ అతను కంచం ముందునుంచి తినకుండానే లేచాడు. భయమే ఎక్కువ, అందులో దాపరికమేం లేదు.

ఆదివారం కంపెనీ బస్సులో పక్క సీటు అన్వర్ బాషాది. ఆ ఫిల్ము తీసింది అతనే. సంగతి వినగానే బాషా గుండెలు బాదుకున్నాడు.

"నీకేమన్నా పిచ్చి పట్టెనా సూరన్నా? ఎవురడిగినారు నిన్ను? గమ్మునుండు. పూత ఏసేసినారు, పని ఖలాస్. నన్నూ ముంచుతావా ఏంది?"

"నువ్వు తీసింది ఫిల్మే బాషా. సంతకం నాది. నీ పేరెత్తను."

"లోపల ఏమీ ల్యాకపోతే?"

"లేకపోతే మంచిదే కదా."

"నీకేం మంచిది అన్నా!" అని బాషా కిటికీ వైపు తిరిగిపోయాడు.

సూరిబాబు చెప్పింది విని మేనేజరు అరిచాడు, ఫైలు బల్ల మీద కొట్టాడు, చివరికి దడుచుకున్నాడు. మరుసటి శుక్రవారం సైటు ఖాళీగా ఉన్నప్పుడు పూత చెక్కించి, మళ్లీ ఫిల్ము తీయించాడు. పిలవకుండానే వచ్చి తీసినవాడు అన్వర్ బాషాయే. ఆ రోజంతా అతను సూరిబాబుతో మాట్లాడలేదు గానీ, మిషను మాత్రం మూడుసార్లు సరిచూసుకున్నాడు.

తడి ఆరిన ఫిల్మును సూరిబాబు దీపంపెట్టె మీద పెట్టాడు. తీగ స్పష్టంగా ఉంది. అతుకు పొడవునా అంగుళం అంగుళం చూశాడు. పగులు లేదు, బుడగ లేదు. రిపోర్టులో 'లోపం లేదు' అని రాశాడు. నాలుగు వారాల కింద రాసినవీ ఆ మాటలే. అప్పుడు రాసింది అబద్ధం, ఇప్పుడు రాసింది నిజం. గొట్టంలో మాత్రం వెంట్రుకవాసి తేడా లేదు.

మేనేజరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఏం దొరికింది నీకు? దీనికోసమా ఇంత చేశావ్?" అని హిందీలో అడిగాడు. సూరిబాబు దగ్గర జవాబు ఉంది గానీ, అది హిందీలో రాలేదు. రిపోర్టుల మీద సంతకం పెట్టే అధికారం ఆ రోజుతో తీసేశారు. రేపటి నుంచి ఫిల్ములు కడిగే గదిలో పని. వచ్చే ఏడు ఇఖామా రెన్యువల్ సంగతి అప్పుడు చూద్దామన్నారు.

సాయంత్రం ఇంట్లో ఉన్నదున్నట్టు చెప్పాడు. గంగారత్నం కొంగు నోటికడ్డం పెట్టుకుని కూలబడిపోయింది. "ఏమీ లేనిదానికి కొంప మీదికి తెచ్చుకున్నారు కదండీ" అని ఏడ్చింది. ఆమె ఏడుపులో న్యాయం ఉంది. సూరిబాబుకు సిగ్గేసింది, బెంగేసింది. అయినా ఇన్ని రోజుల తర్వాత ఆకలి కూడా వేసింది. అన్నం పెట్టమని అడిగాడు.

దేవిక గదిలోకి వెళ్లి కూచుంది. గంట తర్వాత లాప్‌టాప్ తెచ్చి తండ్రి పక్కన పెట్టి, ఇంగ్లీషులో రాసిన చివరి పేరాను తెలుగులో చెప్పింది.

"ఈ బరువు దాకా వెతికాం. ఉంటే మాకు కనపడేదే. లేదు. ఇంతకు మించిన బరువు గురించి ఏమీ చెప్పలేం. ఇంతే నాన్నా. సరిపోతుందా?"

సూరిబాబు చెయ్యి కడుక్కొచ్చాడు. తనకు చదవరాని ఆ గ్రాఫును, ఏ గుట్టా లేని చదునైన ఆ గీతను, కళ్లజోడు సర్దుకుని ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూశాడు.

"సరిపోద్దమ్మలూ," అన్నాడు. "సంతకం పెట్టెయ్."