మల్లిని రాయమన్న శారదాంబగారు

నిన్న ఆఫీసు లిఫ్టులో ఎవరో తలనొప్పి బామ్ రాసుకుని ఎక్కారు. ఆ ఘాటుకు, ఎప్పుడూ నుదుటి మీద అదే వాసనతో ఉండే శారదాంబగారు గుర్తొచ్చారు. నేను దిగవలసిన అంతస్తు దాటిపోయింది.

ఆవిడ కోస్తా నుంచి వచ్చి ఫిల్మ్ నగర్‌లో స్థిరపడిన మాటల రచయిత్రి. ఊరంతా కంప్యూటర్ కోర్సుల వెంట పరుగెడుతున్న రోజుల్లో నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఆవిడ దగ్గర సహాయకురాలిగా చేరాను. నేను రాసే మనుషులందరూ ఒకేలా మాట్లాడేవారు. ఒకరోజు ఆవిడ నా కాగితాలు పక్కన పెట్టి, "చిన్నప్పుడు ఒంటరిగా ఎవరితో మాట్లాడుకునేదానివమ్మా?" అని అడిగారు. సిగ్గుపడుతూనే చెప్పాను. బోరబండలో మాది ఒక్క గది. అమ్మ జూబ్లీహిల్స్ బంగళాల్లో పనికి పోతూ బయట గొళ్లెం పెట్టేది. లోపల నాకు తోడు మల్లి. ఎవరికీ కనిపించదు, దేనికీ భయపడదు. అమ్మ వచ్చేదాకా నన్ను ఏడవనిచ్చేది కాదు.  ఆ పిల్ల ఏమంటుందో విని రాయమన్నారు శారదాంబగారు.

రాశాను. మొదటిసారి నా కాగితాల మీద ఎర్ర గీత పడలేదు. మేం రాస్తున్న సినిమా దర్శకుడికీ నచ్చింది, కాకపోతే మల్లిని దయ్యం చేసి జనాన్ని నవ్వించాలన్నాడు. నేను తలూపాను. శారదాంబగారు మాత్రం కాగితాలు తీసుకుని లేచారు. కారు దాకా వచ్చాక, "పోనియ్యండి మేడం, మార్చి రాస్త" అన్నాను.

"నాకూ ఒకడుండేవాడు, రాఘవ. నా మొదటి సినిమాలో వాణ్ణి నవ్వులాటకి ఇచ్చేశాను. హాలంతా నవ్వింది. ఆ తర్వాత వాడెప్పుడూ నాతో మాట్లాడలేదమ్మా" అన్నారు.

ఆ సినిమా చేజారింది. మరొకటి రాలేదు. ఆ ఇంటి ముందు ఆగే కార్లు తగ్గిపోయాయి. నేనూ మళ్లీ ఉద్యోగంలో చేరాను. వెళ్లి చూడాలనుకుంటూనే రెండేళ్లు గడిపేశాను. జబ్బు చేసిందని తెలిసి వెళ్లేసరికి మంచానికి అతుక్కుపోయి ఉన్నారు. నా ఉద్యోగం గురించి అడగలేదు. చెయ్యి పట్టుకుని, "మల్లి బాగుందా?" అన్నారు.

ఆ రెండేళ్లలో నేను ఒక్క వాక్యం రాయలేదు.

"మంచిగుంది మేడం" అన్నాను. ఆవిడ కళ్లు మూసుకుని నవ్వారు. పదిరోజులకు పోయారు.

ఇప్పుడు ఆఫీసు క్యాబ్ వచ్చేలోపు రోజూ ఒక పేజీ రాయాలని కూర్చుంటాను. ఒక్కోరోజు మల్లి మాట్లాడుతుంది. చాలాసార్లు మాట్లాడదు. అయినా, ఆవిడతో అన్న ఆ మాట అబద్ధంగానే మిగిలిపోకూడదని, కింద క్యాబ్ హారన్ వినిపించేదాకా కదలను.