దగ్గరి స్టేషను

మా మామగారు పోయారు. మొన్న పిల్లలకు ఎక్కాలు చెబుతుండగా బడికి కబురొచ్చింది. ఆయన గుణగణాలు వర్ణించి మీకు విసుగు తెప్పించను. ఆయన ఉత్త అనుమానప్పక్షి.

ముప్ఫై ఏళ్ళు రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసిన మనిషి. కొలువు మానినా ఆ చూపు మానలేదు. పాలవాణ్ణీ, ఇంటికొచ్చిన చుట్టాన్నీ, చివరికి అత్తగారినీ టికెట్ లేనివాళ్ళలాగే చూసేవారు. "మొహం చూస్తే చాలు, టికెట్ అడగబన్లేదు" అనేవారు.

ట్రాములు ఆగిపోయాక నేను మాంబళంలో ఆడపిల్లల బడికి రైల్లో పోయేదాన్ని. చింతాద్రిపేటలో మా ఇంటికి పార్కు స్టేషను దగ్గర. ఒకనాడు నా సీజన్ టికెట్ ఆయన కంటబడింది. అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏందమ్మా ఇది? పార్కు ఈడ పక్కనుండంగా ఎగ్మూరు దాకా సుమ్మా, ఊరికే నడిచేది దేనికి?"

"ఆడ ఎక్కితే కూర్చోను చోటు దొరుకుతుంది మామా."

"పార్కు ముందొస్తుంది గదమ్మా! ముందెక్కినోళ్ళకి లేని చోటు నీకెట్ట దొరికె?"

నాలుక కరుచుకున్నాను. ఆయనతోనా రైలు అబద్ధం! నిజం చెబుదామా అంటే, చెప్పలేను. పార్కుకు పోయే సందులో గోడకానుకుని కొందరు నిలబడేవారు. పాటలు, వెకిలి నవ్వులు. ఒకడు నా కొంగు కూడా పట్టుకు లాగాడు. ఇంట్లో తెలిస్తే బడి మాన్పిస్తారు. బడి నాకు ప్రాణం.

మర్నాటి నుంచి మామగారు నా వెనకే. ఎగ్మూరులో స్తంభం చాటున తెల్ల తలపాగా! ఒళ్ళు మండిపోయింది. కొడుక్కి ఏం చాడీలు మోస్తున్నారోనని నాకూ అనుమానమే.

నాలుగోనాడు సాయంత్రం మావారు గుమ్మంలోనే పట్టుకున్నారు. "ఎగ్మూరు సంగతేంది? నాయన నీ వెనక తిరుగుతున్నాడంట. రేపట్నించి బడీ లేదు, గిడీ లేదు."

అప్పుడే మామగారు వీధిలోంచి వచ్చారు.

"నేనేరా ఆడ ఎక్కమంది. పార్కు మెట్లు నిటారుగా ఉండాయి. బడి మాన్పించేది ఈడ కుదర్దు, పో."

పచ్చి అబద్ధం. ఇవాళ నేనింకా పంతులమ్మనంటే ఆ అబద్ధం చలవే. మావారు గొణుక్కుంటూ లోపలికి పోయారు. మామగారు గొంతు తగ్గించారు.

"నీ మీద అనుమానపడ్డానమ్మా. తప్పే. నువ్వు పార్కు దారెందుకు మానేస్తివో చూద్దామని పోయి, ఇప్పుడు ఆ సందులోంచే వస్తన్నా. ఇంకో పిల్లని ఏడిపిస్తా ఉండారు."

నా వంక చూడకుండా కుళాయి దగ్గరికి నడిచారు. చొక్కా చెయ్యి భుజం దాకా చిరిగివుంది. ఒక చెప్పు కాలికుంది. రెండోది ఇంకా చేతిలోనే ఉంది.