విత్తనం కాయలు ఒలుస్తూ నేర్చిన ఇంగ్లీషు

మా చిన్నప్పుడు... బడి వదలగానే పుస్తకాల సంచి గూట్లో పడేసి, అమ్మ పక్కన శెనక్కాయల గుట్ట ముందు కూలబడేవాళ్లం, నేనూ తమ్ముడూ. కళ్యాణదుర్గం దగ్గర మాది మెట్ట పల్లె. వానల కాలం వస్తోందంటే ఏ ఇంటి వసారాలో చూసినా ఇదే పని... విత్తనానికి కాయలు ఒలవడం.

మిషన్‌లో వేస్తే పని తొందరగానే అయిపోతుంది. కానీ చాలా గింజలు రెండు బద్దలుగా విడిపోతాయి. బద్ద మొలవదు. అందుకే కాయల మీద నీళ్లు చిలకరించి, కాస్త మెత్తబడ్డాక, ఒక్కొక్కటే వేళ్లతో నొక్కి ఒలవాలి. సాయంత్రానికి బొటనవేళ్లు వాచిపోయేవి.

నిండు గింజలు చేటలోకి... బద్దలు మా నోట్లోకి. అదీ అమ్మతో మా ఒప్పందం.

ఆ ఏడు తొలివానకు వేసిన విత్తనం మొలిచీ మొలవకముందే మాడిపోయింది. ఇంట్లో ఒక్క మూట కాయలు మిగిలాయి. నాయన ఆ మూట తెచ్చి వసారాలో కుమ్మరించి, "ఇది గూడా పోతే నేను బెంగళూరు పోతా. మేస్త్రీ కట్టడం పనికి రమ్మంటాండాడు" అన్నాడు.

అమ్మ గుట్టను తన ముందుకు లాక్కుంది. మా వీధిలో అట్లా పోయినవాళ్లు ఉగాదికి ఒకసారి వచ్చి పోయేవాళ్లు. నాయన లేని ఇల్లు తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చింది.

సరిగ్గా ఆ వారమే మా ఇంగ్లీషు సారు బల్ల మీద పెద్ద సంతే పెట్టాడు. సుద్దముక్కను టప్పున విరిచి "స్నాప్" అన్నాడు. ఎండు జొన్నరొట్టెను అరచేతిలో నలిపి "క్రంబుల్" అన్నాడు. పాత లాంతరు గ్లాసును గోనెసంచిలో చుట్టి సుత్తితో ఒక్కటిచ్చి "షాటర్" అన్నాడు. బెల్లం గడ్డను రాయితో చితక్కొట్టి "క్రష్" అని, ఆ బెల్లం మాకే పంచాడు... ఆ మాట మాత్రం ఇప్పటికీ మా బ్యాచిలో ఎవరూ మరిచిపోలేదు!

"ఇన్ని మాటలెందుకు సార్? బ్రేక్ అంటే సాలదా?" అని వెనక బెంచీ ఓబుళేసు అడిగాడు.

"ఏమప్పా, మీ ఇంట్లో కట్టె విరిగినాదంటారు, కుండ పగిలినాదంటారు, గాజు చిట్లినాదంటారు. కుండ విరిగినాదంటే మీయమ్మ నవ్వదా? వాళ్లకూ అంతే" అన్నాడు సారు. తర్వాత ఓబుళేసు పలకే ఎత్తి పట్టుకున్నాడు. దాని మీద అడ్డంగా ఒక గీత. "ఇది సూడండి. పగులు పడినాది గానీ ముక్కలు కాలేదు. ఇంకా రాసుకోవచ్చు. ఇది క్రాక్."

చివర్లో శెనక్కాయ గింజను గోటితో రెండు బద్దలు చేసి "స్ప్లిట్" అన్నాడు. ఆ ఒక్క మాట నేను పరుగున ఇంటికి మోసుకొచ్చాను.

మా అమ్మ బడి గడప తొక్కిన మనిషి కాదు. కానీ ఆ మాట ఆమెకు ఎంత నచ్చిందంటే... ఆ రోజు నుంచి మా వసారాలో "స్ప్లిట్ కాకుండా ఒలవండి" తప్ప మరో మాట లేదు. తమ్ముడి దగ్గర బద్దలు మరీ ఎక్కువగా వస్తున్నాయని కనిపెట్టి, "ఒరే, అది స్ప్లిట్ అయినాదా, నువ్వు స్ప్లిట్ చేసినావా?" అని నిలదీసింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారే... వాడికి బద్దల సరదా, ఆమెకు విత్తనం దిగులు. వాడు నోరు మూసుకుని నమలడం చూసి ఆమే ముందు నవ్వేసింది. వాకిట్లో విత్తే గొర్రు బాగుచేసుకుంటున్న నాయన కూడా నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు. ఆ నవ్వుల మధ్యే ఓబుళేసు పలక సంగతీ, క్రాక్ అన్న మాటా కూడా అమ్మకు చెప్పేశాను.

పదును వాన ఒకటి పడింది. విత్తారు. అంతే... మళ్లీ మబ్బు లేదు. ఎర్రనేల పైన గట్టిగా పెచ్చు కట్టింది. నాయన రెండు చొక్కాలు, ఒక దుప్పటి సంచిలో పెట్టి కొయ్యకు తగిలించాడు. బడికి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు నేను ముందు ఆ సంచి ఉందా లేదా అని చూసుకునేదాన్ని.

ఒక పొద్దున చేను చూడ్డానికి వెళ్లిన అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. అమ్మ పరుగెత్తడం నేను చూడటం అదే మొదటిసారి. మొహమంతా నవ్వే.

"పాపా, సారుకు చెప్పు! చేన్లో సాళ్ల పొడుగునా క్రాక్ ఇచ్చినాది. లోపల మొలకలుండాయి!"

అందరం పరుగెత్తాం. పైపెచ్చు సన్నగా పగిలి, అక్కడక్కడా పైకి లేచింది. నాయన మోకాళ్ల మీద కూర్చుని, గోటితో ఒక మట్టి పెచ్చు మెల్లగా ఎత్తాడు. కింద తెల్లగా, మెడ వంచుకుని మొలక. పక్కన ఇంకోటి. ఆ పక్కన ఇంకోటి. నాయన మట్టి పెచ్చును మళ్లీ అక్కడే పెట్టి లేచాడు.

"సంచిలో గుడ్డలు తీసి దండెం మీద ఎయ్యి మే" అన్నాడు అమ్మతో.

ఆ ఏడు పంట అంతంతమాత్రమే. కానీ నాయన మాతోనే ఉన్నాడు... నాకు అది చాలింది.

ఇప్పుడు నేను అనంతపురంలో ఉంటున్నాను. మొన్న అమ్మ మమ్మల్ని చూడ్డానికి వచ్చినప్పుడు మా పాప చేతిలోంచి ఫోన్ జారిపడింది. అద్దం మీద ఇంత పొడుగు గీత. పాప ఒకటే ఏడుపు. అమ్మ ఫోన్ తీసుకుని కొంగుతో తుడిచి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏడవాకు పాపా. ఇది క్రాకే. ముక్కలు కాలేదు గదా... ఇంకా మాట్లాడొచ్చు" అని, అదే ఫోన్లో చేన్లో ఉన్న నాయనకు పాపతో ఫోను చేయించి, వాన పడిందా అని అడిగింది.

ఇప్పుడు మా ఊళ్లో విత్తనాలు మిషన్లో ఒలిచినవే వస్తున్నాయి. ఎవరి బొటనవేళ్లూ వాయడం లేదు, సంతోషమే. కానీ ఆ గుట్ట చుట్టూ నలుగురం కూర్చున్న సాయంత్రాలు కూడా వసారాలతో పాటే పోయాయి...

బడి మొహం చూడని మీ అమ్మో, అవ్వో ఇష్టంగా పలికిన ఇంగ్లీషు మాట ఏదైనా మీకు గుర్తుందా? ఉంటే కింద ఒక్క ముక్క రాసి పోండి... అమ్మకు చదివి వినిపిస్తాను.