బక్కయ్య అనకూడని మాట

మా మేనమామ బక్కయ్యకు కళ్ల కంటే చెవుల మీద నమ్మకం ఎక్కువ. శామీర్‌పేట చెరువు కట్ట మీద నిలబడి, తల కాస్త పక్కకు వంచి, కరీంనగర్ రోడ్డు మీద పోయే లారీలో సరుకు ఉందో, ఖాళీగా పోతుందో చెప్పేసేవాడు. నేను నమ్మక, పందెం కాసి, బండేసుకుని వెంటపడి చూసిన రోజులున్నాయి. ప్రతిసారీ ఓడింది నేనే. మనిషి చూస్తే ఈత బరిక అంత. మాట మాత్రం కట్ట ఈ చివరి నుంచి ఆ చివరికి వినపడేది.

ముప్పై ఒక్క ఏళ్లు ఆయన మా మత్స్య సంఘానికి ముందు తెప్ప. అదేమిటో చెప్పాలి. ఏటా చలికాలంలో పెద్ద వల రోజున ఏడు తెప్పలు, థర్మాకోల్ దిమ్మలకు వెదురు బొంగులు కట్టి చేసుకున్నవి, ఒకదాని వెనుక ఒకటిగా చెరువు నడుమకు వెళ్తాయి. అక్కడ వలలన్నీ కలిపి గుండ్రంగా వేస్తాం. తెల్లారేసరికి వల నీళ్లలో ఉండాలి. ఆ వేళకు మంచు పట్టి ముందున్న మనిషి కనపడడు కాబట్టి, ముందువాడు ఇత్తడి తలె, అంటే పళ్లెం, దాని మీద కర్రతో కొడుతూ పోతాడు. చప్పుడు వినపడితే దాని వెంట రావాలి. వినపడకపోతే మనం వెనకబడ్డామని అర్థం, ఇంకా గట్టిగా తెడ్డు వేయాలి. ఆగమని చెప్పడానికి మాత్రం ఏ చప్పుడూ లేదు. ఎందుకు లేదని నాతో సహా ఎవరికీ తోచలేదు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. వల పడేదాకా నీళ్ల మీద ‘ఎనుకకు’ అనే మాట ఎవరి నోటా రాకూడదు. వస్తే వల ఖాళీగా లేస్తుందని మా తాతల నాటి నమ్మకం. ఒకసారి నా తెప్ప మీద తోడుండే పరమేష్ నోరు జారి సద్ది గిన్నె ఎనుకకు పెట్టమన్నాడు. మామ ఏడు తెప్పలనూ ఒడ్డుకు తిప్పించి, కొబ్బరికాయ కొట్టించి, మళ్లీ బయలుదేరదీశాడు. ఒడ్డుకు తిప్పడం వెనక్కి పోవడం కాదా మామా అని నేనడిగితే మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

మంచులో దారి ఎలా పడతాడంటే, అది ఆయన విద్య. రోడ్డు మీది లారీల మోత కుడిచెవిలో నిలుపుకోవాలి. నాలుగు వందల తెడ్లు లెక్కపెట్టాలి. చెవి మారకూడదు, లెక్క తప్పకూడదు. మారితే అవతలి గట్టు దగ్గర పందిగుండ్లు ఉన్నాయి. చెరువు నిండిన ఏడు ఆ రాళ్లు నీళ్ల కింద జానెడు లోతున దాక్కుని ఉంటాయి. ముప్పై ఒక్క ఏళ్లలో మామ తెప్పకు ఒక్క రాయి కూడా తగల్లేదు.

మొన్న జనవరిలో పెద్ద వల రోజున పట్టిన మంచు నేనెప్పుడూ చూడలేదు. నా మోకాళ్లు నాకే కనపడటం లేదు. ముందు మామ, రెండో తెప్ప మీద ఆయన కూతురు లత, మూడోదాని మీద నేనూ పరమేషూ, మా వెనుక ఇంకో నాలుగు. లత అత్తగారిది గౌడవెల్లి. పెద్ద వల అంటే చాలు, ఎన్ని పనులున్నా వదిలేసి వచ్చేస్తుంది. మొగవాళ్లలో సగం మంది కంటే దాని తెడ్డే బలంగా పడుతుంది. ఈసారి మెడలో ప్లాస్టిక్ కవరులో ఫోను కూడా వేలాడేసుకుంది.

ఆ పొద్దు మాకెవరికీ తెలియని సంగతి ఒకటుంది. మంచులో రెండు బండ్లు గుద్దుకుని రోడ్డు మీద లారీలన్నీ ఆగిపోయాయి. అవతలి గట్టున కొత్తగా లేస్తున్న విల్లాల దగ్గర మాత్రం కాంక్రీటు బండ్లు రాత్రి నుంచీ తిరుగుతూనే ఉన్నాయి. మామ ఆ మోతను రోడ్డనుకున్నాడు. దాన్నే శ్రద్ధగా కుడిచెవిలో నిలుపుకుని మమ్మల్నందరినీ వెంటేసుకుని పోతున్నాడు.

రెండు వందల తెడ్లు దాటాక లత గొంతు వినపడింది. గుండ్లకు దగ్గరవుతున్నామని ఫోనులో చూపిస్తోందట. ఫోనుకేమన్నా చెవులున్నాయా అని మామ ఎకసెక్కెమాడాడు. మేమంతా నవ్వాం. ఇంకో యాభై తెడ్లయ్యాయో లేదో, లత ఆ మాట అనేసింది.

“నాయినా, ఎనుకకు తిప్పు.”

తలె చప్పుడు ఆగింది. పరమేష్ నీళ్లు తాకి కళ్లకద్దుకున్నాడు. ఒడ్డెక్కాక నీ సంగతి చెబుతానని మామ అరిచి, ముందుకంటే గట్టిగా కొట్టడం మొదలుపెట్టాడు. దాచుకోవడమెందుకు, ఆ క్షణంలో నాకూ లత మీదే ఒళ్లు మండింది. ఏడాదికొక్క రోజు, దాన్ని పాడు చేసిందే అనుకున్నాను.

కాసేపటికి తలె మోత ఉన్నట్టుండి తెగిపోయింది.

చప్పుడు లేదంటే వెనకబడ్డామనే కదా మా లెక్క. నేనూ పరమేషూ పళ్లు బిగబట్టి తోశాం. మా వెనుక నాలుగు తెప్పలూ అలాగే తోశాయి. ముందు వెదురు విరిగిన చప్పుడు, లత కేక, ఆ వెంటనే మా తెప్ప కింద ఎవరో గొడ్డలి పెట్టి నరికినట్టు దెబ్బ. నేనూ పరమేషూ నీళ్లలో ఉన్నాం. కాళ్ల కింద పాకుడు రాయి. ఎదురుగా, ఆ మంచులో కూడా కనపడేంత దగ్గరలో, మామ నడుములోతు నీళ్లలో, చెదిరిన తెల్ల దిమ్మల నడుమ నిలబడి ఉన్నాడు. లత రాయికీ తన తెప్పకూ మధ్య ఇరుక్కుంది. తెప్ప మీది వల జారి విచ్చుకుని దాని కాళ్లకూ నడుముకూ చుట్టుకుపోయింది. గడ్డం దాకా నీళ్లు.

వెనుక తెడ్ల చప్పుడు దగ్గరవుతోంది. నాలుగు తెప్పలు, ఒక్కోదాని మీద ఇద్దరు మనుషులు, తడిసిన వల బరువు. వచ్చి లత తెప్పను గుద్దితే పిల్ల రాతికి అతుక్కుపోతుంది. మామ నడుముకు కట్టిన తాడుకు తలె ఇంకా వేలాడుతోంది. ఆయన చేయి దాని మీదికి పోయి ఆగిపోవడం నేను చూశాను. కొడితే ఆ చప్పుడుకే వస్తారు. కొట్టకపోతే ఇంకా వేగంగా వస్తారు.

అప్పుడు మామ ఆ మాట అన్నాడు.

“ఎనుకకు. అందరు ఎనుకకు పోండ్రి. నేను బక్కయ్యను జెప్తున్న, ఎనుకకు.”

ఆ గొంతులోంచి ఆ మాట వినడంతోనే తెడ్లన్నీ గాలిలోనే ఆగిపోయాయట. ఇప్పటికీ చెప్పుకుంటారు. నాలుగో తెప్ప మాకు చేతికందే దూరంలో మంచులోంచి బయటపడి, మెల్లగా వెనక్కి జరిగింది. నేనూ మామా కత్తితో వల కోశాం. ఆయన కోసిన కోతల్లో సగం తన వేళ్ల మీదే పడ్డాయి. లత బయటికి వచ్చి, రాయి మీద కూర్చుని, తండ్రి చేతికి తన కొంగు చింపి కట్టింది.

మూడు తెప్పలు తుక్కయ్యాయి, మూడు వలలు పోయాయి, మనుషులందరం దక్కాం. సంఘం మీటింగ్‌లో మావాళ్లంతా మామను వెనకేసుకొచ్చారు. మంచుదే తప్పన్నారు, విల్లాల వాళ్లదే తప్పన్నారు, పొద్దున్నే ఆ మాటన్న లత నోరే మంచిది కాదని ఒకాయన గొణిగాడు. నేను లేచి వాణ్ణి కొట్టబోయాను. మామ నన్ను కూర్చోమని సైగ చేసి తను లేచాడు.

“మంచు తప్పు జెయ్యలె, లారీలు తప్పు జెయ్యలె. నా ఎంట వచ్చినోళ్లది సుత తప్పు లేదు, నేను రమ్మంటెనే వచ్చిండ్రు. నా బిడ్డ నిజం జెప్పింది, నేనినలె. తప్పు నాదొక్కనిదే.”

అంటూ తలె తెచ్చి లత ఒళ్లో పెట్టాడు. ముప్పై ఒక్క ఏళ్లు ముందున్న మనిషి అంత సులువుగా ఇచ్చేస్తాడని నేననుకోలేదు. నాకు ఏడుపొచ్చింది, కానీ గర్వం కూడా కలిగింది.

ఇరవై రోజులకు కొత్త తెప్పలు కట్టుకుని మళ్లీ బయలుదేరాం. ముందు లత, రెండో తెప్ప మీద మామ. ఒడ్డు వదలకముందే ఆయన లేచి నిలబడి, ఆ మాటను అందరి చేతా మూడుసార్లు గట్టిగా అనిపించాడు. పరమేష్ మూడోసారికి గానీ నోరు తెరవలేదు. ఆ పొద్దు కూడా మంచే. రోడ్డు మీద లారీలు సుబ్బరంగా మోగుతున్నాయి, కుడిచెవిలోనే. నడుమకు చేరబోతుండగా తలె ఆగింది.

“నాయినా, ఎనుకకు,” అంది లత.

ఫోనులో ఏం చూసిందో తెలియదు, ఎందుకని నేనడిగేలోపే నీళ్లు తోసిన చప్పుడైంది. అందరికంటే ముందు తెడ్డు వెనక్కి వేసింది మా మామే.