ఆ నూతి నీళ్లు లారీకే

పొద్దున్నే వీధి చివర ఎస్టీడీ బూతు అతను పరిగెత్తుకొచ్చి, "నిడదవోలు దగ్గర మీ ఊరి నుంచి ఫోనండి, మీ పెద్దమ్మగారు..." అని ఆగిపోయాడు. నాకు ముందు ఏడుపు రాలేదు. ఆవిడ బావగారు, అంటే మా పెదనాన్న అన్నగారు, ఇంకా గుండ్రాయిలా తిరుగుతూనే ఉన్నాడు, ముందు ఈవిడెలా పోయిందని ఒళ్లు మండింది. పోయిన మనిషి గురించి రాస్తూ ఈ పగలేంటని మీరనుకోవచ్చు. అనుకోండి. మెత్తమెత్తగా రాస్తే మా పెద్దమ్మే ఒప్పుకోదు.

బస్సులో కూర్చున్నంతసేపూ నాకు ఒకటే కంగారు, స్నానం చేయించేలోపు చేరతానా లేదా అని. "ఒసేయ్, ఇన్నేళ్లూ ఆ నూతి నీళ్లు ముట్టుకోలేదు. పోయాక కూడా నా ఒంటి మీద పడనివ్వకు. నీదే పూచీ" అని నాతో ఎన్నిసార్లు చెప్పిందో.

ఆ ఇల్లు అన్నదమ్ములిద్దరిదీ. మధ్యలో నుయ్యి. పెదనాన్నకి సొంత లారీ ఉండేది, తనే నడుపుకునేవాడు. ఆయన పోయి ఇంట్లో ఏడుపులు ఆగకముందే బావగారు మేస్త్రీని పిలిపించి వాటాల గోడ లేపించాడు. తిన్నగా రావాల్సిన గోడ నూతి దగ్గరకొచ్చేసరికి వంకర తిరిగింది. నుయ్యి మొత్తం ఆయన వైపు పడింది. పెద్దమ్మ బిందె పట్టుకుని వెళితే గట్టు మీద నిలబడి, "ఈ నూతిలో నీళ్లు నీకు మీ ఆయనతోనే చెల్లిపోయాయమ్మా" అన్నాడట. ఆవిడ ఖాళీ బిందెతో వెనక్కొచ్చింది.

మా డెల్టా సంగతి మీకు తెలుసుగా, ఏడాదంతా కాలువల నిండా నీళ్లే. వేసవిలో కాలువలు కట్టేశారా, బిందెడు నీళ్లకి ఊరు దాటాలి. నేను కాలేజీ చదువు ఆవిడింట్లోనే ఉండి చదివాను. ఇద్దరం చెరో బిందె చంకనెత్తుకుని ఎండలో చేతిపంపు దాకా వెళ్లేవాళ్లం. గోడ అవతల గిలక చప్పుడు వినిపిస్తూనే ఉండేది. నేను తిట్టిపోసేదాన్ని. ఆవిడ మాత్రం, "ఆ నీళ్లు ఆయన చేత్తో తోడి, ఆయనే మోసుకొచ్చి పొయ్యాలి. ఆ రోజు చూసుకుందాం" అనేది, కొంగుతో మెడ తుడుచుకుంటూ.

లారీ అమ్మెయ్యమని అందరూ చెప్పారు. అమ్మలేదు. పెదనాన్న దగ్గర పనిచేసిన డ్రైవర్నే ఉంచుకుని, తను పక్క సీట్లో కూర్చునేది. ఒళ్లో గొడుగు, కాళ్ల దగ్గర మజ్జిగ క్యాను, వెనకాల ఇంజనుకి రెండు డబ్బాల నీళ్లు. ఇటుకలు తోలేది, ఇసుక తోలేది. గట్ల మీద దిగబడిపోయిన బళ్లకి గొలుసు కట్టి లాగించేది. పాత ఇంజను, బరువు లాగితే ఊరికే వేడెక్కిపోయేది. అందుకని ఆవిడ చూపంతా రోడ్డు మీద కాదు, వేడి చూపించే ముల్లు మీదే ఉండేది. పొగలు కక్కుతుంటే డ్రైవరు ఓసారి తొందరపడి రేడియేటర్ మూత తియ్యబోయాడు. చెయ్యి లాగేసి, "మరిగినప్పుడు మూత తీస్తే మన మొహమే కాలుద్ది నాయనా. చల్లారనీ" అంది. కోపానికీ అదే సూత్రం ఆవిడకి.

బావగారు కొత్త లారీ కొన్నాడు. పూజ రోజు కబురు పంపాడు, లారీ వీధి దాటేదాకా పెద్దమ్మని గుమ్మంలోకి రావద్దని. విధవ ఎదురైతే బండికి అరిష్టమట. నేను గిన్నె విసిరికొట్టాను. ఆవిడ సొట్ట పోయిందేమోనని గిన్నె తిప్పి చూసుకుని, తలుపేసుకుంది.

కిటికీలోంచి చూశాం. లారీ ముందు అటూ ఇటూ అరటి బోదెలు, బారెడు బంతి దండలు. అన్నిటికీ మించి, ఇంటిపేరు రంగుల్లో రాయించిన పేద్ద రేకు బోర్డు, సరిగ్గా రేడియేటర్‌కి అడ్డంగా! పెద్దమ్మ చూసి, "పాపం, దానికి ఊపిరెలా ఆడుద్ది?" అంది. లారీకేలెండి, ఆయనక్కాదు.

బోదెలు ఎండాయి, తీసేశారు. బోర్డు మాత్రం తియ్యనివ్వలేదు. ఆ ఏడు ఎండాకాలం, దాళ్వా పంట కోతల్లో మబ్బు పట్టింది. ఊళ్లో బళ్లన్నీ ధాన్యం మీద ఉన్నాయి. ఆయన తన పంటంతా లారీకెత్తించి, చాలక వెనకాల ఓ ట్రైలర్ కూడా తగిలించాడు. వంతెన ఎక్కుతుంటే ఇంజను మరిగిపోయింది. ఆపుదామని, ఆ బోర్డు పీకేద్దామని డ్రైవరు మొత్తుకున్నాడట. "మా ఇంటిపేరు పీకుతావురా? తోలు!" అన్నాడు. తోలాడు. ఇంజను పట్టేసింది, ఇక కదల్లేదు. నడి వంతెన మీద లారీ, ట్రైలర్, ఏడాది పంటా, నెత్తి మీద మబ్బు.

ఊళ్లో ఖాళీగా ఉన్న లారీ ఒక్కటే. మా వాకిట్లో ఉన్నది.

ఆయనే వచ్చాడు. పెద్దమ్మ ఎప్పుడూ ఆయన ఎదుట పడి మాట్లాడి ఎరగదు, తలుపు చాటు నుంచే. ఆ రోజు బయటికొచ్చి నిలబడింది.

"ఏమ్మా, కాస్త లాగించాలి. వానొస్తే ధాన్యం మొలకలొస్తాయి."

"దానికేం భాగ్యం బావగారూ, లాగిద్దాం. నేనెదురొస్తే అరిష్టమేమో మరి?"

ఆయన నేల చూపులు చూశాడు. "అవన్నీ ఇప్పుడెందుకమ్మా" అన్నాడు.

ఆయన అటు వెళ్లగానే పెద్దమ్మ లారీలోంచి నీళ్ల డబ్బాలు రెండూ దింపించింది. ఒకటి కరివేపాకు మొక్కకి, ఒకటి మందారానికి పోసేసింది. డ్రైవరు నోరెళ్లబెట్టాడు. "అమ్మగారూ, మధ్యలో మరిగిపోద్దండి!" అన్నాడు. "ఎక్కడ మరగాలో అక్కడే మరుగుద్ది. నువ్వెక్కు" అంది. ట్రైలర్ని వంతెన మీదే వదిలేసి ముందు లారీకి గొలుసు కట్టారు. నేనూ ఎక్కి కూర్చున్నాను. మిల్లుకి దారి మా వీధిలోంచే. ముల్లు లేస్తూ ఉంది, ఆవిడ దాన్నే చూస్తూ ఉంది. బావగారి గేటు ముందుకొచ్చేసరికి ఎర్ర గీత తాకింది. "ఆపు" అంది.

దిగి గొడుగు వేసుకుని, వీధంతా వినేలా అంది: "బావగారూ, బండికి దాహమేసింది. కాలువ చూస్తే ఎండిపోయి ఉంది. కాసిని నీళ్లు."

గేటు దగ్గర కాచుకుని ఉన్న ఆయన పాలేర్ని కేకేశాడు. "పాలేరు తెస్తే వద్దండి. మా ఆయనతో చెల్లిపోయిన నీళ్లు కదా, మళ్లీ మీ చేత్తోనే మొదలవ్వాలి" అంది. అరుగుల మీద జనం. పడమర ఉరుము. ఆయన కండువా తీసి గేటు మీద వేసి లోపలికెళ్లాడు. గిలక కిర్రుమంది. నా జన్మలో అంత కమ్మటి చప్పుడు వినలేదు, నిజం చెబుతున్నా.

బిందె మోసుకొచ్చాడు. "ఉండండి, చల్లారనివ్వాలి" అని పెద్దమ్మ ఆయన్ని బిందెతో అలాగే నిలబెట్టింది. చల్లారాక, "సన్నగా పొయ్యండి. ఒక్కసారిగా పోస్తే ఇంజను పగులుద్ది" అంది. పోశాడు. మళ్లీ వెళ్లాడు, మళ్లీ తెచ్చాడు. పంచె మోకాళ్ల దాకా తడిసింది. చివర్లో గొంతు తగ్గించి, "నువ్వూ కాసిని తాగమ్మా" అన్నాడు. "నాకొద్దండి, బండికి చాలు" అని ఎక్కి కూర్చుంది. ముందు లారీని, మళ్లీ వెళ్లి ట్రైలర్ని, ధాన్యం తడవకుండా మిల్లుకి చేర్చింది. అదీ మా పెద్దమ్మ.

ఇంటికొచ్చాక అడిగాను, కసి తీరిందా అని. "సగం" అంది. "నీళ్లు మోశాడు గానీ, ఆ మాట వెనక్కి తీసుకోలేదుగా."

చచ్చేదాకా తీసుకోలేదు. ఆవిడ చచ్చేదాకా.

నేను బస్సు దిగి పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి ఆవిడని వాకిట్లో పడుకోబెట్టారు. ముసలాయన పదిమందిలో నిలబడి, "మా ఇంటి కోడలు. మా నూతి నీళ్లతోనే సాగనంపాలి" అంటున్నాడు. పక్కన నిండు బిందె. చుట్టూ ఉన్నవాళ్లు, "ఎంత పెద్ద మనసండీ" అంటున్నారు. పెద్ద మనసట!

"పోయాక పగలేంటమ్మా" అని ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. విడిపించుకుని ఆ బిందె ఎత్తుకున్నాను. మెత్తబడ్డాననుకుని దారిచ్చారు. తిన్నగా పాకలోకి వెళ్లాను, లారీ దగ్గరికి. అది ఆగిపోయి చాలా కాలమైంది. రేడియేటర్ మూత తుప్పు పట్టి రాలేదు, రాయితో కొడితే వచ్చింది. ముసలాయన పాక దాకా వచ్చి, "ఏంటమ్మా ఇది?" అన్నాడు.

"చల్లారిందండి. అందుకే మూత తీశాను" అన్నాను. సన్నగా, ఆవిడ చెప్పినట్టే, బిందె ఖాళీ అయ్యేదాకా పోశాను.

పెద్దమ్మకి, తర్వాత లారీ డబ్బులతో ఆవిడ వేయించుకున్న బోరు నీళ్లు కొట్టుకొచ్చి నేనే పోశాను. ఆవిడని లేవదీసి గేటు దాటిస్తుంటే వెనక్కి తిరిగి చూశాను. చిల్లులు పడ్డ రేడియేటర్‌లోంచి ఆ నూతి నీళ్లు సన్నటి ధారలుగా కారి, పాక దాటి వాకిట్లోకి పారుతున్నాయి. ముసలాయన చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ తడిలో కాలెక్కడ పెట్టాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు.