పడవ లెక్కల ఆదివారం

అమలాపురంలో ఇంటర్ మొదటి సంవత్సరం చదివేటప్పుడు, ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి నాకు కడుపునొప్పి మొదలయ్యేది. సోమవారం మొదటి పీరియడ్ ఫిజిక్స్. ఆ లెక్చరర్ గారు కొట్టేవారు కాదు, తిట్టేవారూ కాదు. హోంవర్కులోంచి ఒక లెక్క బోర్డు మీద చెయ్యమనేవారు. రాకపోతే చేతులు కట్టుకుని అలా చూస్తూ నిలబడేవారు. కోపం పెరిగేకొద్దీ ఆయన మర్యాద పెరిగేది. "దయచేయండి మేడం గారూ" అన్నారంటే క్లాసంతా ఊపిరి బిగబట్టేది. సాయంత్రానికి ఆ సంగతి మెసేజ్‌గా ఇంటికి వెళ్లిపోయేది. మా నాన్నగారు హైస్కూల్లో సైన్సు మాస్టారు. ఫోన్ చూసి నన్నేమీ అనేవారు కాదు. అన్నం సగంలో వదిలేసి లేచిపోయేవారు.

ఆ వారం ఇచ్చినవి పడవ లెక్కలు. నది వేగం, పడవ వేగం చెప్పి, పడవ అవతలి ఒడ్డుకి ఎంతసేపటికి, ఎక్కడికి చేరుతుందో కట్టమన్నారు. చర్చి నుంచి వచ్చి, తినీ తినకుండా బండారులంకలో నా స్నేహితురాలింటికి వెళ్లేను. వాళ్లది నేత ఇల్లు. ముక్తేశ్వరం నుంచి బస్సులో కాలేజీకి వచ్చే మా ఇంకో స్నేహితురాలు అప్పటికే చాప మీద కూర్చుని గోళ్లు కొరుకుతోంది. మగ్గం చప్పుడు వింటూ లెక్క మొదలుపెట్టేం.

నా లెక్కలో పడవ గోదావరి దాటడానికి రెండ్రోజులు పట్టింది.

"కేరేజీ కట్టుకుని ఎక్కాలే" అంది బండారులంక పిల్ల.

తనది చూస్తే పడవ ఎక్స్‌ప్రెస్ రైలుకన్నా జోరుగా పోతోంది. ముక్తేశ్వరం పిల్ల లెక్కలో, వాళ్లూరికి ఎదురొడ్డున కోటిపల్లి రేవులో ఆగాల్సిన పడవ ప్రవాహానికి కొట్టుకుపోయి యానాం కూడా దాటేసింది.

"అది సముద్రంలోకి పోయిందే! యానాంలో దూకేద్దాం!" అన్నాన్నేను.

ముగ్గురం చాప మీద పడి దొర్లేం. లోపల మగ్గం ఆగింది.

"చదూతున్నారా, ఆడుకుంటున్నారా?" అన్నారు వాళ్లమ్మగారు.

"చదూతున్నామండీ. ఫిజిక్సు."

"దాంట్లో ఇంత నవ్వుంటదా?"

దాంతో ఇంకా నవ్వేం. కాసేపటికి చూస్తే ముక్తేశ్వరం పిల్ల కళ్లు తుడుచుకుంటోంది. నవ్వుకి వచ్చిన నీళ్లనుకున్నాం. కాదు, ఏడుస్తోంది.

"సోమవారం బస్సెక్కే ముందు నాకు వాంతవుద్దే" అంది. "ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రేపు నన్ను బోర్డు దగ్గరికి లేపితే నేనింక కాలేజీకి రాను."

నా కడుపునొప్పి సంగతి చెప్పేను. బండారులంక పిల్ల తన అరచేతులు చాపి చూపించింది. చెమటతో తడిసి చల్లగా ఉన్నాయి. ఇన్నాళ్లూ భయపడేది నేనొక్కదాన్నే అనుకున్నాను. వాళ్లూ అలాగే అనుకున్నారట. లెక్క మాత్రం ఆ సాయంత్రం తేలలేదు.

సోమవారం లెక్చరర్ గారి వేలు నా వైపే తిరిగింది. బోర్డు మీద నది గీసేను. పడవ గీసేను. బాణం ఎటు పెట్టాలో తెలీలేదు. సుద్దముక్క చేతిలో విరిగింది.

"పడవ ఎటు వెళ్తుందండీ?"

ఆయన చేతులు కట్టుకున్నారు. అప్పుడు వెనక బెంచీ కిర్రుమంది. ముక్తేశ్వరం పిల్ల లేచి నిలబడింది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"సార్, ముగ్గురం కలిసి చేసేమండీ. ముగ్గురికీ రాలేదండీ."

బండారులంక పిల్ల కూడా లేచింది. ఆయన ఒక్క నిమిషం మమ్మల్ని మార్చి మార్చి చూసేరు.

"అయితే ముగ్గురూ ఇక్కడికే రండి."

బెల్లు కొట్టేదాకా వదల్లేదు. ఒక్కో బాణం మాచేతే గీయించేరు, తప్పయితే మాచేతే చెరిపించేరు. చివరికి జవాబు వచ్చింది. ఆయన మెచ్చుకోలేదు, మెసేజ్ మాత్రం ఇంటికి వెళ్లలేదు.

ముక్తేశ్వరం పిల్ల కాలేజీ మానలేదు. ఇంటర్ అయ్యేదాకా మా ఎవరి భయమూ పోలేదు. కాకపోతే సోమవారాలు ఒకళ్ల కోసం ఒకళ్లం గేటు దగ్గర ఆగేవాళ్లం. ఎవరి చేతులు ఎక్కువ చల్లగా ఉన్నాయో పట్టి చూసుకుని లోపలికి నడిచేవాళ్లం.