ముందు తల్లి తల

కట్టంగూరులో ఆ వాడంతటికీ ఇంటి చిట్కాలు చెప్పేది నాగులమ్మే. కందులు పురుగు పట్టకుండా ఎర్రమట్టి పట్టించడం, మాడిన గిన్నెను చింతపండు పిప్పితో తోమడం అందరూ ఆమె దగ్గరే నేర్చుకున్నారు.

ఆదివారం పొద్దున పక్కింటి రమ, కూతురు ప్రవళికను వెంటబెట్టుకుని కత్తెరతో వచ్చింది. వచ్చే వారం పిల్లను గురుకులం హాస్టల్లో చేర్చాలి. తల నిండా పేన్లు. నడుం దాకా ఉన్న జడను రెండు చేతులా పట్టుకుని పిల్ల ఏడుస్తోంది.

"ఎన్నిసార్లు మందు పెట్టినా మళ్ల వస్తున్నయి పెద్దమ్మా. చెవుల దాంక కత్తిరియ్యి. నాకు చెయ్యి రాలే."

నాగులమ్మ కత్తెర తీసి గూట్లో పెట్టింది. "రాత్రి ఇద్దరు ఒక్కదగ్గర్నే పంటరా?"

"ఒక్క మెత్త మీదనే తలలు పెట్టి పంటం."

"అయితే ముందు నువ్వు కూసో."

"నేనా? నా తలల ఏమున్నయి!"

"కూసోవే, పెండ్లిచూపులకు కూసున్నట్టు గంత సిగ్గెందుకు?"

నాగులమ్మ ఆమె కొప్పు విప్పి, పేన్ల దువ్వెనతో ఒక్కసారి దువ్వి, తెల్లగుడ్డ మీద దులిపింది. గుడ్డ చూసి ప్రవళిక ఏడుపు ఆపేసింది.

"అమ్మా! నీ దగ్గర్నుంచే వస్తున్నయి!"

రమ తల దించుకుంది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా," అంది నాగులమ్మ. "ఇద్దరు వేపనూనె పెట్టుకోండ్రి. రేపు కుంకుడుకాయతోని తలంటుకొని, రోజూ గిట్లనే దువ్వుకోండ్రి. మెత్త గలేబు ఉడుకునీళ్లల్ల ఉతుకు."

ఆ వారమంతా తల్లీకూతుళ్లు వంతులవారీగా ఒకరి తల ఒకరు దువ్వుకున్నారు. హాస్టల్‌కు వెళ్లే రోజు ప్రవళికకు రమే రెండు జడలు వేసింది. బస్సు వచ్చేదాకా రిబ్బన్లు సరిచేస్తూనే ఉంది.